అరవై తొమ్మిది మజిలీల వేసవి

హైదరాబాద్ నుంచి మెదక్ పోయే రోడ్డు దుండిగల్ దాటిన దగ్గర్నుంచి రెండు రకాల జనాన్ని మోస్తుంది. బొంతపల్లి, గుమ్మడిదల చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకు పోయే షిఫ్టు బస్సులు, ట్యాంకర్లు ఒక వరస. మొక్కులవాళ్లు ఇంకో వరస. బొంతపల్లి వీరభద్రుడి కోసం వచ్చేవాళ్లు, శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయేవాళ్లు, డిసెంబరు 25న తెల్లారేసరికి మెదక్ చర్చి ముందుండాలని పిల్లాజెల్లాతో బయల్దేరినవాళ్లు, అందరికీ దారి ఇదే. దారిపొడుగునా పాటలు పాడుతూ, నర్సాపూర్ అడవి నీడన ఆగి సద్ది మూట విప్పుకుని, కోతులను చూసి కేరింతలు కొట్టే పిల్లలతో పోయే ఆ బండ్లను చూసి, వీళ్లు భక్తులా, విహారానికి పోతున్నవాళ్లా అని ఎవరూ అడగరు. మిషనరీ పాస్నెట్ దొర కరువు రోజుల్లో పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన ఆ మెదక్ రాతి గుడి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఈ నూరేళ్లలో ఆ గుడికి పోయే దారిలో నవ్వు తప్పని ఎవరికీ అనిపించలేదు.

ఆ చర్చి దారిన పోయే ఇంటి బిడ్డ జపాన్ పోయి ఒక వేసవి గడిపి, మంచుగోలా తింటున్న ఫొటో ఇంటికి పంపితే మాత్రం లెక్క మారుతుంది. చదువుకు పోయావా, షికారుకు పోయావా అని ఇంట్లో పెద్దలడుగుతారు. ఆ దేశంలో ప్రభువు పని ఏం చేశావు బిడ్డా అని సంఘం పెద్దలడుగుతారు. రెండు ప్రశ్నల్లోనూ ప్రేమ ఉంది, కాదనలేం. కానీ రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. సరదా వేరు, విశ్వాసం వేరు అన్నదే ఆ పొరపాటు. పరాయి గడ్డ మీద సరదాగా తిరగగలగడం అతిథి నేర్వాల్సిన మర్యాదల్లో మొదటిది. జపాన్‌లో క్రైస్తవం నిలిచిన చోట్లను వెదికి చూస్తే, అక్కడికి మొదట వచ్చినవాడు ఆ ఊరికి అతిథిగా ఒదిగినవాడై ఉంటాడు. ఈ మాటకు రుజువు పుస్తకాల్లో కంటే ఒక దారిలో బాగా దొరుకుతుంది. ఆ దారి పేరు నకసెందో. టోక్యో నడిబొడ్డున నిహోన్‌బాషి వంతెన దగ్గర మొదలై, కొండల నడుమ సుమారు 530 కిలోమీటర్లు పోయి, క్యోటోలో సంజో వంతెన దగ్గర ఆగే పాత బాట. మజిలీలు 69. కాశీ మజిలీ కథలు చదువుకున్న తెలుగువాళ్లకు ఈ లెక్క వింతగా ఉండదు.

సంగారెడ్డి జిల్లాకు ఆ దేశం దూరపు చుట్టం కూడా కాదు. కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాల వెనుక జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా సాయం ఉంది. అక్కడ చదివిన పిల్లలు జైకా ఉపకారవేతనాలతో జపాన్ విశ్వవిద్యాలయాలకు పోతున్నారు. పటాన్‌చెరు పక్కన రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. పిల్లలకు సెలవులు దొరికేది మన ఎండలు ముదిరాక. జూన్‌లో అక్కడ దిగేసరికి త్సుయు అనే ముసురు పట్టి ఉంటుంది. ఆ మాట రాసే రెండు అక్షరాల్లో ఒకటి ఉమె అనే కాయది, రెండోది వానది. జూలై నడిమికి ముసురు విడిచి, ఒళ్లంతా జిడ్డుచేసే ఉక్కపోత మొదలవుతుంది. చెట్టుచెట్టుకూ కీచురాళ్ల హోరు, ఇంటి చూరుకు వేలాడే గాజు గంటలు, చల్లార్చిన బార్లీ టీ, బండి మీద తురిమిన మంచు. గోలా బండి చుట్టూ పెరిగిన పిల్లలకు ఇవి పరాయివిగా తోచవు.

నిహోన్‌బాషి దగ్గర ఒకప్పుడు సర్కారు ఆజ్ఞల పలకలు నిలబెట్టేవారు. క్రైస్తవ మతం నిషిద్ధం, ఆ మతంవాళ్లను పట్టిచ్చినవారికి బహుమానం అని రాసిన పలక వాటిలో ఉండేది. దేశమంతటా ఆ పలకలు దిగింది 1873లో. సరిగ్గా 34 ఏళ్లకు, 1907 ఏప్రిల్‌లో, అదే టోక్యోలో ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్య మహాసభ జరిగింది. దానికి హాజరైన ప్రతినిధుల్లో 32 ఏళ్ల వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఉన్నాడు. పుట్టింది తిరునెల్వేలి సీమలో అయినా మన దోర్నకల్ మనిషిగా బతికాడు. 1912లో అక్కడి బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనే. టోక్యోలో ఆయన చూసింది ఆసియావాళ్లు తమ సంఘాలను తామే నడుపుకోవడం. మూడేళ్లకు ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులమే, అయితే మాకు మిత్రులు కావాలి అన్న అర్థంలో పాశ్చాత్య మిషనరీలను నిలదీశాడు. ఆ సభలో గుచ్చుకున్న మాట అదే. దొరలు మాతో కలిసి కూచుని తినరు, ఇంటికి పిలవరు అన్నది దాని సారం. తినడం, నవ్వడం, కలిసి కూచోవడం అనే చిన్న సంగతులు సంఘం బతుకుకు ఎంత పెద్దవో జపాన్ చూసివచ్చిన ఆ యువకుడికి తెలుసు.

దారి తకసాకి మైదానం దాటి అన్నకాకు చేరుతుంది. 1864లో, విదేశయానం నేరమైన రోజుల్లో, 21 ఏళ్ల నీజిమా జో దొంగతనంగా ఓడెక్కి అమెరికా చేరాడు. పదేళ్లకు తిరిగొచ్చి, తన వాళ్లున్న ఈ ఊళ్లో క్రీస్తు గురించి మాట్లాడాడు. 1878కి అక్కడ 30 మందితో సంఘం పుట్టింది. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, ఎందుకంటే ముందు ఉసుయి కనుమ ఉంది, కనుమ ఎక్కితే కరుయిజావా ఉంది, అసలు చిక్కు అక్కడుంది.

కరుయిజావా వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న పాత మజిలీ ఊరు. కొత్త రోడ్డు పడ్డాక బాటసారులు తగ్గి వెలవెలబోతున్న రోజుల్లో, 1886లో అలెగ్జాండర్ క్రాఫ్ట్ షా అనే కెనడా పాదిరి అక్కడి చల్లగాలికి మురిసిపోయాడు. రెండేళ్లకు ఒక పాత ఇంటిని బాగుచేసి వేసవి బస చేసుకున్నాడు. వెనకే మిగతా మిషనరీలు వచ్చారు. వాళ్లతో రొట్టె, జామ్, క్యాబేజీ, టెన్నిస్ వచ్చాయి. ఇప్పటికీ పాత వీధిలో జామ్ సీసాల దుకాణాలు వరసగా కనిపిస్తాయి. 1957 ఆగస్టులో అప్పటి యువరాజు అకిహితో, ఆ తర్వాత ఆయన్ను పెళ్లాడిన మిచికో మొదట కలుసుకున్నది ఇక్కడి టెన్నిస్ కోర్టులోనే. ఆంటొనిన్ రేమండ్ 1935లో కట్టిన సెయింట్ పాల్ క్యాథలిక్ చర్చి చెక్కతో కట్టింది, పెద్ద పల్లెటూరి కొట్టంలా ఉంటుంది. గ్రానైటు మెదక్‌ను ఎరిగిన కన్నుకు అది చర్చిలా కనబడటానికి కొంచెంసేపు పడుతుంది. దేవుడి ఇల్లు ఊరి చెట్ల సరసన కూడా ఉండొచ్చని అది చెబుతుంది.

ఇక్కడే గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఉక్కపోతలో జనం చెమటలు కక్కుతుంటే పాదిరులు కొండెక్కి టెన్నిస్ ఆడుకున్నారు, ఇదేం విశ్వాసం? మన దగ్గర ఊటీ, కొడైకనాల్ కథ ఇదే కదా? ఆక్షేపణలో నిజముంది. కొండ మీద దొరలు దొరలతోనే కలిసి, తమ ఊరిని తామే కట్టుకుని హాయిగా ఉండటం అజరయ్య వేలెత్తి చూపిన దూరానికి మరో రూపమే. అందుకని ఈ వాదనను కాస్త సరిచేసి చెప్పాలి. మన గుంపులో మనం పడే సరదా ఒకటి, ఎదుటివాడి ఇంట్లో అతడి పద్ధతిలో పడే సరదా ఇంకొకటి. మొదటిది మనిషిని ఉన్నచోటే ఉంచుతుంది. రెండోది తెలియనితనాన్ని ఒప్పుకోమంటుంది. చెప్పులు ఎక్కడ విడవాలో, గిన్నె ఎలా పట్టుకోవాలో చిన్నపిల్లలచేత చెప్పించుకోవాలి. ఆ సిగ్గును నవ్వుగా మార్చుకోలేనివాడు అక్కడ రెండు రోజులు కూడా నిలవలేడు. కాబట్టి ఎవడి ఖర్చుతో, ఎవడి పక్కన కూచుని సరదా పడ్డావని అడగాలే తప్ప, సరదా ఎందుకు పడ్డావని అడగకూడదు.

ఈ రెండో సరదాకు బడి, దారిలో ఇంకా ముందుకు పోతే వచ్చే కిసో లోయ. అడవుల నడుమ మజిలీ ఊళ్లు నారాయి, కిసో ఫుకుషిమా, త్సుమాగో, మగోమె. త్సుమాగోవాళ్లు ఇళ్లు అమ్మం, అద్దెకివ్వం, కూల్చం అని కట్టుబడి ఊరిని పాత రూపులోనే నిలుపుకున్నారు. మగోమె నుంచి త్సుమాగోకు కొండ బాట 8 కిలోమీటర్లు. ఆ బాటలో ఉండుండి ఒక గుంజ, గుంజకు ఇత్తడి గంట, గంటకు తాడు కనబడతాయి. ఎలుగుబంట్లు తప్పుకోవడానికి నడిచేవాళ్లు దాన్ని గట్టిగా మోగించి ముందుకు పోవాలి. ముందుపోయినవాడి గంట వెనకవాడికి, వెనకవాడిది ఆ వెనక వస్తున్నవాడికి వినిపిస్తూ అడవంతా మనుషుల జాడ తెలుస్తుంది. నడుమ ఒక పాత చెక్క ఇల్లు, లోపల పొగచూరిన దూలాల కింద నేలపొయ్యి. బాటసారికి అక్కడ టీ పోస్తారు, ధర అడగరు. ఊళ్లోకి దిగితే గొహెయి మొచి. అన్నం సగం మెదిపి చెక్కపుల్లకు ఒత్తి, అక్రోటు, మిసో కలిపిన ముద్ద పూసి బొగ్గుల మీద కాలుస్తారు. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో ఓపికగా రాసిపెట్టాడు. ఆయన భక్తికి అది లోటని ఏ తెలుగు పాఠకుడూ అనలేదు.

ఆగస్టు వస్తే కిసో ఫుకుషిమాలో రాత్రిళ్లు నడివీధిలో గుండ్రంగా నిలబడి ఆడతారు. బొన్ పండుగ అది, చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజులు. క్రైస్తవ యువత అందులో అడుగు కలపవచ్చా? విగ్రహారాధనకు దూరంగా ఉండాలని పెరిగిన పిల్లలకు ఈ ప్రశ్న తేలిక కాదు, తేలిక చేయకూడదు కూడా. బతుకమ్మ రోజుల్లో మన వాడల్లోనూ ఇదే తర్జనభర్జన. మొక్కు దగ్గర ఎవరి మనస్సాక్షి వారికి గీత గీస్తుంది. గీత ఇవతల మాత్రం చోటు చాలా ఉంది. బల్లలు మోయొచ్చు, పుచ్చకాయ కోసి పంచొచ్చు, ముసలమ్మకు విసనకర్ర అందించొచ్చు, పాట వింటూ నిలబడొచ్చు. యేసు మొదటి సూచక క్రియ చేసింది కానా ఊరి పెళ్లివిందులో. ఆయన విందులకు పోతాడని గొణిగినవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు.

సెకిగహారా దాటి దారి ఒమి సీమలోకి దిగుతుంది. 66వ మజిలీ ముసా, దాని పక్కనే ఒమి హచిమన్. 1905లో అమెరికావాడైన విలియం మెరెల్ వోరీస్ 24 ఏళ్ల వయసులో అక్కడి వాణిజ్య పాఠశాలకు ఇంగ్లీషు పంతులుగా వచ్చాడు. బైబిలు తరగతులు పెట్టాడని 1907లో ఉద్యోగం పోయింది. ఇంటికి పోలేదు. భవనాల నమూనాలు గీస్తూ పొట్టపోసుకున్నాడు, స్నేహితులను కూడగట్టాడు. 1914లో బీవా సరస్సులో ఒక పడవ దింపి దానికి గలిలయ అని పేరు పెట్టాడు. ఒడ్డు ఊళ్లకు పడవలో పోవాలన్న ఆ ఆలోచనలో కుర్రతనపు హుషారు ఉంది, బతుకంతటి పట్టుదలా ఉంది. 1918లో క్షయ రోగులకు ఆసుపత్రి తెరిచాడు. 1920 నుంచి మెంథోలాటమ్ అనే నొప్పుల మలాం అమ్మి, ఆ రాబడి సంఘం పనులకు పెట్టాడు. తెలుగువాళ్లకు ఈ లెక్క వెంటనే తగులుతుంది. 1893లో అమృతాంజనం మొదలుపెట్టి ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మనకున్నాడు. మందుల వాసన మధ్య పెరిగిన గుమ్మడిదల పిల్లలు ఆ మలాం డబ్బా దగ్గర ఆగి చూడాలి. మందు తయారుచేసే చోట లాభం పక్క ఊళ్ల మంచికీ పారవచ్చునన్న సంగతి వాళ్ల బతుకుకు బొత్తిగా పరాయిది కాదు.

అయినా ఏం సాధించారు, జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరేగా అని అడుగుతారు. తలలు లెక్కపెడితే అంతే. వోరీస్ 1941లో ఆ దేశ పౌరుడయ్యాడు, 1964లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. బాప్తిస్మం తీసుకోనివాళ్లు కూడా ఆయన్ను తమ ఊరివాడిగానే చెప్పుకుంటారు. అతిథి అక్కడ ఇంటివాడయ్యాడు, తలల లెక్కలో ఇది పట్టదు.

దారి చివర సంజో వంతెన. నీజిమా 1875లో ఎనిమిది మంది విద్యార్థులతో మొదలుపెట్టిన దోషిషా విద్యాసంస్థ ఈ క్యోటో నగరంలోనే ఉంది. వేసవి సాయంత్రాలు కామొ నది పడమటి ఒడ్డున చెక్క అరుగులు వేస్తారు. నీటి గాలి తగిలేలా కూచుని జనం భోంచేస్తారు, కింద రాళ్ల మీద కుర్రకారు జంటలుగా, గుంపులుగా చేరతారు. ఆ నది వెంటే దక్షిణంగా నడిస్తే ఒక రాతి గుర్తు వస్తుంది. 1619 అక్టోబరులో 52 మంది క్రైస్తవులను, వాళ్లలో చంకపిల్లలను కూడా, ఆ నది ఒడ్డునే కొయ్యలకు కట్టి కాల్చారు. అంతకు 22 ఏళ్ల ముందు ఇదే నగరంలో ఊరేగించి, నాగసాకి దాకా చలిలో నడిపించి సిలువ వేసినవాళ్లలో మన దేశంలోని వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఉన్నాడు. ఇంత నెత్తురు పారిన చోట సరదా ఏమిటన్నది చివరి ఆక్షేపణ, అన్నిటికంటే బరువైనది. దానికి ఎదురు వాదన లేదు, ఉన్నది నడక ఒక్కటే. రైలు దిగి, ఫొటో తీసుకుని పోయేవాడికి ఆ రాయి కనబడదు. గంటలు మోగిస్తూ, ఊరూరా టీ తాగుతూ, తప్పులకు నవ్వుకుంటూ ఇంత దూరం వచ్చినవాడికి ఆ 52 మంది ఈ దారిన తనకు అన్నం పెట్టినవాళ్ల ఊరివాళ్లు. అక్కడ నవ్వు దానంతటదే ఆగుతుంది. కాసేపటికి ఎగువ అరుగుల మీద లాంతర్లు వెలుగుతాయి, గిన్నెల చప్పుడు నీటి మీదుగా ఆ రాయి దాకా వినిపిస్తుంది.