పాఠం మార్చుకునే ఊరు

తవ్వితే గనుల్లేవు. దున్నుదామంటే పొలాల్లేవు. తాగే నీళ్లలోనూ కొన్ని పొరుగునున్న మలేసియా నుంచి రావాల్సిందే. అందుకే 1965లో స్వతంత్ర దేశమైన సింగపూర్ తన పిల్లల చదువునే పెట్టుబడి అనుకుంది. ప్రపంచం మారినప్పుడల్లా ఆ చదువునీ మార్చేసుకుంటూ వచ్చింది. ఆ కథ తెలియాలంటే నగరాన్ని ఓసారి చుట్టి రావాలి.

సిటీహాల్ స్టేషన్‌లో రైలు దిగి పైకి రాగానే కనిపించేది రాఫెల్స్ సిటీ. ఆకాశాన్నంటే హోటలూ, కిటకిటలాడే దుకాణాలూ... ఒకప్పుడు అక్కడుండేది ఓ బడి! దేశంలోకెల్లా పేరున్న రాఫెల్స్ ఇన్‌స్టిట్యూషన్. 1972లో అది వేరేచోటికి వెళ్లిపోయింది. ఆ దగ్గర్లోనే ఉండే పాత కాన్వెంటు ఇప్పుడు రెస్టారెంట్ల సముదాయం. సెయింట్ జోసెఫ్స్ బడి పాత భవనం 1996లో చిత్రకళల మ్యూజియం అయింది. అవసరం మారితే భవనాన్ని మార్చడానికి మొహమాటపడని ఊరది. చదువు విషయంలోనూ అంతే.

చిత్తడి నేలలో ఫ్యాక్టరీలు

అక్కణ్నుంచి పడమటివైపు వెళ్లే రైలెక్కితే జురాంగ్ వస్తుంది. 1960ల మొదట్లో అదంతా చిత్తడి నేల. అప్పటి ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ దాన్ని పూడ్పించి పారిశ్రామికవాడ కట్టిస్తుంటే, ‘గో గారి వెర్రి’ అని నవ్వారట జనం. ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటితోపాటే విదేశీ కంపెనీలకు అర్థమయ్యే భాష కూడా కావాల్సొచ్చింది. 1966 నుంచి ప్రతి విద్యార్థీ ఇంగ్లిషుతోపాటు మాతృభాష కింద చైనీస్, మలయ్, తమిళాల్లో ఒకటి నేర్చుకోవాలన్నారు. 1987 నాటికి బళ్లన్నిటిలో బోధనాభాష ఇంగ్లిషే అయింది.

దానికి చెల్లించిన మూల్యమూ జురాంగ్‌లోనే కనిపిస్తుంది. చైనీస్ మాధ్యమంలో చదువుకునేవారి కోసం 1950ల్లో అక్కడ నాన్‌యాంగ్ విశ్వవిద్యాలయాన్ని కట్టారు. వ్యాపారులే కాదు, రిక్షా తొక్కేవాళ్లు కూడా ఒకరోజు సంపాదన విరాళమిచ్చారు. అంత ఇష్టంగా కట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం 1980లో మరోదానిలో కలిసిపోయింది. ఆ ఆవరణలో ఇప్పుడున్నది ప్రపంచప్రసిద్ధి చెందిన సాంకేతిక విశ్వవిద్యాలయం. నాటి పరిపాలనా భవనం మాత్రం చైనీస్ వారసత్వ కేంద్రంగా మిగిలింది.

పన్నెండేళ్లకే వడపోత

జురాంగ్ కట్టించిన గో కెంగ్ స్వీ చేతికే 1979లో విద్యాశాఖ వచ్చింది. అప్పటికే ఆయన కొందరు ఇంజినీర్లను వెంటబెట్టుకుని బళ్ల పరిస్థితి మీద ఓ నివేదిక తయారుచేశారు. ఇంట్లో మాట్లాడని రెండు భాషల్లో చదవాల్సివస్తున్న పిల్లలు సుమారు 85 శాతమని అందులో తేలింది. పాఠం అందుకోలేనివాళ్లు మధ్యలోనే బడి మానేస్తున్నారు. దీనికి గో బృందం చెప్పిన మందు... పిల్లల్ని శక్తిని బట్టి వేరుచేసి, ఎవరి వేగంలో వాళ్లకి చెప్పడం. ప్రాథమిక విద్య చివర, అంటే పన్నెండేళ్లకు రాసే పరీక్షే ఏ పిల్లాడు ఏ దారిలో వెళ్లాలో తేల్చేది.

మందు పనిచేసింది. మాధ్యమిక విద్య మధ్యలో మానేసేవాళ్లు క్రమంగా ఒక శాతం లోపుకి తగ్గారు. 2022 పీసా పరీక్షలో లెక్కలు, సైన్సు, చదవడం... మూడింటిలోనూ సింగపూర్ విద్యార్థులదే మొదటి స్థానం.

కానీ పిల్లల మీద ముద్ర పడింది. ఆంగ్ మో కియోలో ఉన్న ఐటీఈ ప్రాంగణం అందుకు సాక్షి. పరీక్షల్లో వెనకబడినవాళ్లకు చేతిపని, సాంకేతిక విద్య నేర్పడానికి 1992లో మొదలైన సంస్థ అది. ఆ మూడక్షరాలకు ‘ఇట్స్ ది ఎండ్’... అంటే ‘ఇక ఇంతే’ అని అర్థం చెప్పుకుని వెక్కిరించేవాళ్లు. ప్రభుత్వం ఆ మాటతో వాదించలేదు. విశ్వవిద్యాలయాలకు దీటైన భవనాలూ యంత్రాలూ సమకూర్చింది.

చెరిగిన గీతలు

‘తక్కువ బోధిద్దాం, ఎక్కువ నేర్చుకోనిద్దాం’ అని 2004లోనే ప్రధాని లీ సియన్ లూంగ్ అన్నారు. ప్రాథమిక బడిలో మొదటి రెండు తరగతుల పిల్లలకు 2019లో మార్కుల పరీక్షలు ఎత్తేశారు. 2024లో హైస్కూల్లో అడుగుపెట్టినవారితో పాత విభజన కూడా పోయింది. లెక్కల్లో ముందున్న పిల్లాడు లెక్కలు పై స్థాయిలో, భాషలో వెనకబడితే అదొక్కటే కింది స్థాయిలో చదవొచ్చు. పెద్దలకూ చదువు పెట్టారు. నలభై దాటిన పౌరులు కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి 2024లో నాలుగువేల సింగపూర్ డాలర్ల చొప్పున ప్రభుత్వం ఇచ్చింది.

ఉద్యోగాలకని వెళ్లిన తెలుగువాళ్లకీ ఈ బళ్లలో ఓ చిక్కు ఎదురవుతుంది. మాతృభాషల జాబితాలో మన భాష లేదు. భారతీయ కుటుంబాల పిల్లలు తమిళం కాదనుకుంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి తీసుకోవచ్చు. తెలుగు నేర్పాలంటే మాత్రం ఇంట్లోనో, సెలవురోజు తరగతుల్లోనో నేర్పుకోవాల్సిందే.

ఇక సాయంత్రం ఏ పేట మార్కెట్ దగ్గర ఆగినా ట్యూషన్ సెంటర్ల బోర్డులే. బడి సంచులతో పిల్లలు మెట్లెక్కుతుంటారు. 2023లో కుటుంబాలు ట్యూషన్లకు పెట్టిన ఖర్చు 180 కోట్ల సింగపూర్ డాలర్లు! ఐదేళ్ల కిందట అది 140 కోట్లే. పరీక్షలు తగ్గాయి, గీతలు చెరిగాయి, అయినా ట్యూషన్లు పెరిగాయి. కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. పిల్లల కోసం ఆ మెట్ల కింద ఎదురుచూసే అమ్మానాన్నల్లో చాలామంది పన్నెండేళ్లప్పుడు ఆ వడపోతలోంచి వచ్చినవాళ్లే. ప్రభుత్వం మర్చిపోమన్నా వాళ్లకా పరీక్ష ఇంకా గుర్తుంది.