డబ్బాలో దాచిన రెండు వేలు

2024 జనవరి 2న హైదరాబాద్ బంకుల ముందు లైన్లు రోడ్డు మీదికొచ్చాయి. ప్రాణం తీసే ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా జైలు అంటున్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(2) మీద లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. ట్యాంకర్లు కదల్లేదు, చాలా బంకుల్లో ‘నో స్టాక్’ బోర్డులు వెలిశాయి. చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి బయల్దేరిన వీడియో ఊరంతా చూసింది. సంఘాలతో సంప్రదించాకే ఆ సెక్షన్ అమలు చేస్తామని కేంద్రం అదే రాత్రి మాటివ్వడంతో సమ్మె ఆగింది. కటకట అంతా కలిపి రెండు మూడు రోజులు. అయినా ‘ఇంట్లో ఓ ఇరవై లీటర్లు పడేసి ఉంచుకుంటే పోలా’ అన్న మాట మాత్రం పోలేదు. సమ్మె అన్నా, తుపానన్నా, సరిహద్దులో కాల్పులన్నా మళ్లీ లేస్తుంది. 2025 మేలో పాకిస్థాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు నిల్వలు పుష్కలంగా ఉన్నాయి, ఎగబడొద్దని చమురు కంపెనీలే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఇంటి ఖర్చులో ప్రతిదాన్నీ లెక్కలో పెట్టి చూసే అలవాటు నాది. ఈ డబ్బానూ అలాగే చూశాను. నిలబడలేదు.

ముందు చట్టం సంగతి. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల దాకా పెట్రోల్‌ను లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు. అయితే గట్టి మూత ఉన్న గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలోనే ఉండాలి. గాజు, పింగాణీ అయితే లీటరుకు మించకూడదు, లోహమైతే 25 లీటర్లకు మించకూడదు. ప్లాస్టిక్ ఊసే లేదు. అంటే వంటనూనె అయిపోయాక కడిగి దాచిన క్యాను ఈ పనికి చెల్లదు, మంచినీళ్ల టిన్ను అంతకన్నా చెల్లదు. సరైన లోహపు డబ్బా కొనాలంటే వెయ్యి రూపాయల పైమాటే. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైచిలుకు పడింది. ఆ లెక్కన ఇరవై లీటర్లకు సుమారు 2,150. ఈ సొమ్ము ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే ఏడాదికి నూటయాభై వచ్చేది. ఇది చిన్న మొత్తమే, దీని గురించి గొడవ లేదు. గొడవల్లా ఈ సొమ్ము కూర్చున్నచోట కూర్చోదనే. పెట్రోల్ ఆవిరవుతుంది, పాతబడుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను లాగేస్తుంది, నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగుతుంది. అది ఇంజిన్‌లోకి పోతే మెకానిక్ బిల్లు ముందు వడ్డీ నష్టం లెక్కలోకే రాదు. కాబట్టి రెండు మూడు నెలలకోసారి డబ్బా బండిలో వంపి మళ్లీ నింపాలి. అలా వంపే ప్రతిసారీ నాలుగు చుక్కలు నేల మీద పడతాయి.

ఆ చుక్కల దగ్గర కాస్త ఆగాలి. పెట్రోల్ సున్నాకు నలభై డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన మే నెల మధ్యాహ్నం మెట్ల కింద డబ్బాలో అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు. డబ్బా పొట్ట ఉబ్బుతుంది, మూత తిప్పగానే బుస్సుమంటుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. అందుకే పైకి పోదు. నీళ్లలా నేలబారున పాకి తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి దిగుతుంది. అక్కడ దేవుడి ముందు దీపమో, గ్యాస్ పొయ్యో, ఫ్రిజ్ స్విచ్‌లో పుట్టే చిన్న మెరుపో చాలు. 2012 మార్చిలో బ్రిటన్‌లో ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె భయం ఉన్నప్పుడు, ఓ క్యాను నిండా పెట్రోల్ పోసి గ్యారేజీలో ఉంచుకోమని ఒక మంత్రి సలహా ఇచ్చాడు. ఆ రోజుల్లోనే యార్క్‌లో ఒకామె వంటింట్లో పెట్రోల్‌ను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి వంపుతుండగా మంటలంటుకుని తీవ్రంగా కాలిపోయింది. సమ్మె మాత్రం జరగనే లేదు. ఇలాంటి ప్రమాదం ఏ ఏడాదికో ఒకటి జరగొచ్చు, జరగకపోవచ్చు. కానీ ఇల్లూ మనుషులూ పందెంలో ఉన్నప్పుడు తక్కువ అవకాశం అన్నది ఓదార్పు కాదు.

మరి ధర పెరిగితే? ఈ ప్రశ్న న్యాయమైనదే. 2021 నవంబరు నుంచి 137 రోజులు కదలని ధర, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు ముగిశాక 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపు 14 విడతల్లో ఢిల్లీలో లీటరుకు పది రూపాయలు పెరిగింది. ఎన్నికలైతే పెరుగుతుందని టీకొట్టు దగ్గర మనిషి కూడా ముందే చెప్పాడు. ఇంతకన్నా మంచి అవకాశం దాచుకునేవాడికి దొరకదు. అప్పుడు సైతం ఇరవై లీటర్ల మీద మిగిలేది రెండు వందలు, డబ్బా ఖరీదులో ఐదో వంతు కూడా కాదు. యానాంలో పెట్రోల్ కాకినాడకన్నా లీటరుకు పది రూపాయలకు పైగా చౌకని అటు వెళ్లినవాళ్లు ట్యాంకు నింపుకుని వస్తారు. ట్యాంకు నింపడం తెలివే, డబ్బాలు మోసుకురావడం కాదు.

నా ప్రత్యామ్నాయమూ ఆ ట్యాంకే. బండి ట్యాంకు కంపెనీ వాళ్లు ఆవిరి బయటికి పోకుండా, గుద్దుకుంటే పగలకుండా కట్టిన నిల్వ గది. దానికి మనం ఎప్పుడో డబ్బు కట్టేశాం. ముల్లు సగానికి రాగానే నింపితే 37 లీటర్ల కారులో 18 లీటర్లు ఎప్పుడూ ఉంటాయి. లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా సుమారుగా సరిపోతుంది. స్ప్లెండర్ ట్యాంకు 9.8 లీటర్లు. లీటరుకు యాభై కిలోమీటర్లే వేసుకున్నా సగం ట్యాంకుతో 240 దాటుతుంది. జనవరి నాటి సమ్మెలాంటివి రెండు వచ్చినా గడిచిపోతాయి. బంకుకు రెట్టింపుసార్లు పోవాలి, నిజమే. ఆఫీసు దారిలో ఐదు నిమిషాలు.

బలమైన అభ్యంతరం తుపాన్లది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బంకు కింద ట్యాంకులో పెట్రోల్ ఉన్నా పైకి రాదు. అయితే తుపాను చెప్పకుండా రాదు, వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే హెచ్చరిస్తుంది. ఆ రోజు ట్యాంకు నింపుకోవచ్చు. ఆ తర్వాత ఇంట్లో కావాల్సింది పెట్రోల్ కన్నా చిల్లర నోట్లు, ఎందుకంటే కరెంటుతోపాటే ఏటీఎం పోతుంది, సెల్ టవర్ పోతే ఫోన్ పేమెంటూ పోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు అంత వ్యవధి ఇవ్వలేదు. కానీ సింగ్‌నగర్‌లో బండే మునిగాక ఇంట్లో డబ్బా ఏం చేస్తుంది, నీళ్ల మీద తేలడం తప్ప?

పల్లెకు మాత్రం నేను వేరే లెక్క వేస్తాను. బంకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ట్రాక్టరు ఉన్న రైతు డీజిల్ క్యాను ఉంచుకోవడం దాచుకోవడం కాదు, ఎరువు బస్తా కొన్నట్టే సేద్యపు ఖర్చు. డీజిల్ పెట్రోల్‌లా అంత తేలిగ్గా అంటుకునే ఆవిరి వదలదు, చట్టం కూడా దాన్ని వేరే తరగతిలో పెట్టింది. పవర్ స్ప్రేయర్‌కు లీటరు పెట్రోల్ కావాలంటే మాత్రం ఊళ్లో కిరాణా కొట్టువాడు బాటిల్‌లో పోసి పది పదిహేను రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు. అతను చేసేది చట్టానికి విరుద్ధమే. అయినా ఆ పది రూపాయలు దేనికో రైతుకు తెలుసు: డబ్బా తన ఇంట్లో కాకుండా అతని కొట్లో ఉన్నందుకు.