భర్త పేరు: ఖాళీ

ప్రోగ్రాముల్లో ఎర్రర్ చూపించే తప్పులు వెంటనే దొరుకుతాయి. ఏ ఎర్రరూ చూపించని తప్పులతోనే ప్రమాదం. అంతా సవ్యంగా ఉన్నట్టే నమ్మిస్తాయి. డేటాబేస్‌లతో పనిచేసే వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఆ తప్పుల్లో ఎవరు రాలిపోతారన్నది మాత్రం మేం పెద్దగా మాట్లాడుకోం.

పొదుపు సంఘాల సభ్యులకి బీమా పత్రాలిచ్చే ఒక వెబ్ అప్లికేషన్‌ని సరిచేసే పని నాకొచ్చింది. ఒక సంఘం లీడరు చేతిరాత రిజిస్టరు పట్టుకొచ్చి, "మావోళ్లు పదకొండు మంది ఏరి మేడం?" అని అడిగింది. సభ్యుల టేబుల్‌లో వాళ్లున్నారు. తెరమీది జాబితాలో లేరు. పత్రాలూ అందలేదు.

క్వెరీ చదివాను. సభ్యుల టేబుల్‌ని భర్తల టేబుల్‌తో 'ఇన్నర్ జాయిన్' చేశారు. రెండింటిలోనూ జత దొరికిన వరసలే అందులో బయటికొస్తాయి. ఆ పదకొండు మందీ పెళ్లి చేసుకోని వాళ్లు, భర్త వదిలేసిన వాళ్లు, భర్తని వదిలేసి వచ్చిన వాళ్లు. భర్త గడి ఖాళీ. జత లేదు కాబట్టి మనిషే లేదు!

'లెఫ్ట్ జాయిన్'గా మార్చాను. జత లేకపోయినా సభ్యురాలు కనపడాలి. అయినా రాలేదు. కింద 'వేర్'లో ఇంకో షరతు ఉంది. వితంతువుల జాబితా విడిగా తీస్తారు కనక, భర్త స్థితి 'మరణించారు' అని ఉండకూడదు. డేటాబేస్‌లో ఖాళీని 'నల్' అంటారు. అది సున్నా కాదు. దాన్ని దేనితో పోల్చినా, మరో నల్‌తో పోల్చినా, జవాబు 'తెలియదు' అనే. 'వేర్' మాత్రం 'అవును' అని తేలిన వరసల్నే ఉంచుతుంది. లేని భర్త చనిపోలేదని ఎవరు రుజువు చేస్తారు? 'లేదా ఈజ్ నల్' అని విడిగా చేరిస్తే గానీ వాళ్లు జాబితాలోకి రాలేదు.

రిలేషనల్ డేటాబేస్‌లకి 1970లో పునాది వేసిన ఇ.ఎఫ్. కాడ్, విలువ తెలియకపోవడమూ అసలు వర్తించకపోవడమూ వేరువేరని తర్వాత వాదించాడు. 1990లో వచ్చిన తన పుస్తకంలో రెండిటికీ రెండు గుర్తులు ప్రతిపాదించాడు. ఎస్‌క్యూఎల్ భాషలో ఒకటే నల్ మిగిలింది. పెళ్లి వద్దనుకున్న స్త్రీకి భర్త 'తెలియని విలువ' కాదు కదా!

"ఖాళీ ఉంటేనే కదా గొడవ, తండ్రి పేరు పెట్టేద్దాం మేడం" అన్నాడు తోటి ఉద్యోగి. గొడవ తీరేది నిజమే. భర్త లేని చోట తండ్రి, తండ్రి లేని చోట కొడుకు. ఈ వరస మనకి కొత్తా? పొదుపు చేసింది ఆమె. బీమా ఆమె పేరున. పత్రానికి కావలసింది నామినీ. అది తల్లి కావచ్చు, కూతురు కావచ్చు, చెల్లెలు కావచ్చు. ఆ మాట మీటింగులో గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. చివరికి పత్రాల క్వెరీలోంచి భర్తల టేబుల్‌నే తీసేశాం. జాయినూ పోయింది, దాని షరతూ పోయింది. వితంతువులూ మిగతా వాళ్లతో ఒకే జాబితాలోకి వచ్చారు.

దరఖాస్తు ఫారంలో మాత్రం భర్త పేరు గడి అలాగే ఉంది. ఆ రిజిస్టరే లేకపోతే పదకొండు మంది సంగతి మాకు తెలిసేది కూడా కాదు. ఇప్పుడు ఏ జాబితా చేతికొచ్చినా ముందు రెండు లెక్కలు చూస్తాను: టేబుల్‌లో ఎంతమంది, తెరమీద ఎంతమంది. తేడా వస్తే, వాళ్లెవరో పేరుపేరునా చదువుతాను.