గిటారు పట్టిన బాలిక

మన ఇండ్లలో ఆడుపిల్ల పాడవచ్చును. పెండ్లిచూపులనాడు ఒక కీర్తన పాడుమని పెద్దలే యడుగుదురు. వీణ నేర్చినచో మరియు మంచిది; పెండ్లియైన పిదప ఆ వీణకు గవిసెన తొడిగి మూలకు చేర్చినను విచారించువారుండరు. కాని నలుగురు మగపిల్లలను వెనుక నిలిపి, నోట ఒక్క మాటయు పలుకక, తీగెలతోనే సభను నడపెదనను బాలికను చూచినప్పుడు మాత్రము మనకు జంకు కలుగుచున్నది. ఆ జంకు ఎక్కడిదో మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము.

మేము గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల నడుమ నివసించువారము. మా వీధిలో ఒక కార్మికుని కుమార్తె, ఇంటర్మీడియెట్ చదువుచున్న పిల్ల, ఎలక్ట్రిక్ గిటారు వాయించును. తండ్రి రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు నిదురించును గనుక ఆమె హెడ్‌ఫోను పెట్టుకొని సాధన చేయును. అప్పుడు బయటికి వినవచ్చునది తీగెమీద మీటు పడు చప్పుడొక్కటే. ఎవరో కుట్టుమిషను త్రొక్కుచున్నారని మేము మొదట అనుకొంటిమి. హెడ్‌ఫోను తీసిన సాయంకాలములలో మేము విన్నది సర్ఫ్ సంగీతము.

ఇది 1960 ప్రాంతమున అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా తీరమున పుట్టినది. పలకలపై నిలిచి కెరటములమీద జారుట అక్కడి యువకుల క్రీడ. ఆ వేగమును, ఆ నీటి ఉరవడిని తీగెలలోనికి తెచ్చుట ఈ సంగీతము చేసిన పని. ఇందు చాలవరకు సాహిత్యము లేదు. గిటారే నాయకుడు. మీటును క్రిందికిని పైకిని ఎడతెగక ఆడించుటలో మణికట్టు ఎంత అలసిపోవునో వాయించినవారికే తెలియును. 1961లో ఫెండరు సంస్థ ఒక పెట్టె చేసి అమ్మినది, లోపల స్ప్రింగులుండును, ధ్వనిని వానిగుండ పోనిచ్చి, వణకుచు తిరిగివచ్చిన దానిని అసలు ధ్వనితో కలుపుదురు. బావిలోనికి తొంగిచూచి కేక వేసినవారికి ఆ ధ్వని క్రొత్తది కాదు.

"మన వీణ యుండగా ఈ పరదేశపు గొడవ యేల?" అని మా మిత్రులొకరు అడిగిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో వాయులీనమును విని, ఇది ఐరోపా వాద్యమని చెవులు మూసికొన్నవారెవరు? అదియునుగాక, ఈ సంగీతమునకు ఆద్యుడుగా చెప్పబడు డిక్ డేల్ తండ్రి లెబనాను వంశీయుడు. 1962లో అతడు వాయించిన "మిసిర్లూ" తూర్పు మధ్యధరా దేశములలో వాడుకలోనున్న పాత పాట. ఆ పేరునకు ఈజిప్టు స్త్రీ యని యర్థము. ఏది ఎవరి దేశపుదో తేల్చుట అంత సులభము కాదు.

ఖర్చు ఎక్కువయను ఆక్షేపణను మాత్రము మేము తోసివేయలేము. కార్మికుని ఇంట గిటారు, యాంప్లిఫయరు చిన్న కొనుబడులు కావు. చప్పుడెక్కువ యనువారికి మాత్రము జవాబక్కరలేదు. వినాయకుని నిమజ్జనమునాడు ఇండ్ల కిటికీలు అదరునట్లు డీజే పెట్టువారు వీరే.

అసలు కారణము వేరని మాకు తోచుచున్నది. పాటలో మాటలు పరులవి. పాడు పిల్ల వానిని మోయును. వాద్యము నడపు పిల్ల అట్లు కాదు. ఎప్పుడు మొదలిడవలెనో, ఎంత వేగమున పోవలెనో, ఎక్కడ నిలుపవలెనో ఆమె చేయి చెప్పును, తక్కినవారు అనుసరింతురు. మన యింట ఏ పనిలో ఆడుపిల్ల చేతికి ఆ అధికారమిచ్చితిమి?

అమెరికాలోను దారి నున్నగా లేదు. 1963 ప్రాంతమున కేథీ మార్షల్ అను చిన్న పిల్ల మగపిల్లల బృందములతో వేదికలెక్కి, సర్ఫ్ గిటారు రాణి యనిపించుకొన్నది. కేరొల్ కే అను నామె 1958లో "లా బాంబా" రికార్డునకు గిటారు వాయించి, పిదప బేస్ గిటారుతో బీచ్ బాయ్స్ మొదలగువారి రికార్డులకు పనిచేసినది. స్టూడియో వాద్యకారుల పేర్లు అట్టలపై వేయుట నాడు వాడుక కాదు. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు ఆమెను ఎన్నుకొనగా, ఆ సత్కారమునకు రానని చెప్పినది. మన వైపున ఏలూరులో పుట్టిన దండమూడి సుమతిగారు మగవారి సొత్తనబడిన మృదంగమును చేతబట్టి, 2021లో పద్మశ్రీ పొందిరి.

మా ఊరి సంగతి చూడుడు. స్త్రీలు భూగర్భమున పనిచేయరాదని 1952 నాటి గనుల చట్టము విధించినది. 2019లో ప్రభుత్వము షరతులతో ఆ నిషేధమును సడలించినది. గనిలోనికి దిగుటకు అనుమతి దొరికినది గాని, వేదిక నడుమ నిలుచుటకు మా పిల్ల ఒక సాయంకాలమంతయు వాదింపవలసివచ్చినది. ఉత్సవము జరుపు పెద్దయొకడు ఆమెతో, "బిడ్డా, నువ్వొక పాట పాడరాదు! గిటారు మా పిలగాడు కొడ్తడు" అనెను. ఆమె, "నాకు పాడ వస్తలేదు కాకా, కొట్టుడే వస్తది" అనెను. ఆ పిలగాడే, తనకు ఆ వేగము అందదని మెల్లగా చెప్పుటచే చిక్కు తీరినది.

ఆమెకు ఇచ్చిన వేళ చివరిది. జనము సగము లేచిపోయిరి. ఆమె మూడు స్వరరచనలు వాయించెను. డ్రమ్ములు వాయించు కుర్రవాడు ఆద్యంతము ఆమె కుడిచేతినే చూచుచుండెను. అదియే మేము అచ్చట చూచిన గొప్ప విషయము. తండ్రి టిఫిను డబ్బా చేతబట్టుకొని వెనుక నిలిచియుండెను. ఆమె దిగివచ్చి, "ఎట్లున్నది బాపూ?" అని యడిగెను.

"మంచిగున్నది. మాటలుంటే ఇంకా మంచిగుండు" అని అతడు షిఫ్టునకు వేళయైనదని సైకిలు తీసెను.