గేటు దగ్గర నిలబడి విన్న పాట

మే నెల దాటిందంటే మా మిత్రబృందానికి వేరే ధ్యాస ఉండదు. అటక మీది టెంట్లు దింపి ఎండబెట్టడం, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వెతుక్కోవడం, ఎవరికి ఏ షిఫ్టు పడిందో ఫోన్లో ఆరా తీయడం. ఇంగ్లండులో మేముండే బ్రిస్టల్ నుంచి గంటకు పైగా ప్రయాణిస్తే సోమర్సెట్‌లో పిల్టన్ అనే పల్లె వస్తుంది. అక్కడ ఒక పాడి రైతుకు చెందిన వర్తీ ఫామ్ అనే పొలంలో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం జరుగుతుంది. ఆ రైతు పేరు మైకేల్ ఈవిస్. 1970 సెప్టెంబరులో ఆయన మొదటిసారి ఈ ఉత్సవం పెట్టినప్పుడు టికెట్ ఒక పౌండు, పొలంలో పితికిన పాలు ఉచితం. అప్పుడు వచ్చింది సుమారు 1,500 మంది. ఇప్పుడు జూన్ నెలాఖరులో ఆ పొలాల్లో 2 లక్షల మందికి పైగా గుడారాలు వేసుకుంటారు.

మేం వెళ్లేది స్టీవార్డులుగా. అంటే గేట్ల దగ్గర, దారుల కూడళ్లలో నిలబడే స్వచ్ఛంద కార్యకర్తలుగా. 1942లో, యుద్ధకాలపు కరువులో చిక్కుకున్న గ్రీసు ప్రజల కోసం ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు కలిసి మొదలుపెట్టిన సంస్థ ఆక్స్‌ఫామ్. మమ్మల్ని ఇలాంటి ఉత్సవాలకు స్టీవార్డులుగా పంపేది ఆ సంస్థే. మా పనికి నిర్వాహకులు ఇచ్చే సొమ్ము మా చేతికి రాదు, ఆక్స్‌ఫామ్ సేవాకార్యక్రమాలకు వెళ్తుంది. మేం ముందుగా డిపాజిట్ కట్టాలి. ఎనిమిదేసి గంటల షిఫ్టులు మూడు, అందులో ఒకటి మామూలుగా రాత్రిపూట. అన్నీ సక్రమంగా చేస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు.

ఈ సంగతి చెప్పగానే మనవాళ్లు చాలామంది "అయితే టికెట్ ఫ్రీ అన్నమాట" అంటారు. నాకు ఆ లెక్క నచ్చదు. టికెట్ డబ్బు మిగలడం నిజమే కానీ, అందుకోసమే అయితే రెండో ఏడాది ఎవరూ రారు. పెళ్లిలో బంతిలో కూర్చుని తిన్నవాళ్లకన్నా వడ్డించినవాళ్లకే ఆ పెళ్లి ఎక్కువ గుర్తుంటుంది. నేను ఏటేటా వెళ్లేది ఆ వడ్డన కోసమే.

రాత్రి షిఫ్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ భయపడేది దానికే. పసుపుపచ్చ కోటు వేసుకుని, నలుగురైదుగురం కలిసి ఒక గేటు చూసుకుంటాం. లోపలికి వచ్చేవాళ్ల చేతికి గుడ్డ పట్టీ ఉందో లేదో చూడాలి. అంబులెన్సు వెళ్లే దారిలో ఎవరూ టెంటు వేయకుండా, గుంపుగా కూర్చోకుండా చూడాలి. అర్ధరాత్రి దాటాక ఎక్కువగా వచ్చేది దారి తప్పినవాళ్లే. ఫోన్ చార్జింగ్ అయిపోయి, తన టెంటు ఏ పొలంలో ఉందో తెలియక, కళ్లలో నీళ్లతో ఓ పిల్ల వచ్చి నిలబడుతుంది. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తెల్లవార్లూ కూర్చుని కబుర్లు చెప్పి పంపించడం కూడా మా పనే. దూరంగా ఏదో వేదిక మీది డ్రమ్ముల మోత కాళ్ల కింద నేలలో తెలుస్తుంటుంది. ఏ బృందం, ఏ పాట అన్నది చాలాసార్లు తెలియదు. అయినా నాకు ఆ ఉత్సవాల్లో మనసుకు పట్టిన సంగీతమంతా దాదాపు అలా విన్నదే. జూన్ నెల కాబట్టి నాలుగు గంటలకే వెలుగు వస్తుంది. గ్లాస్టన్‌బరీ టోర్ గుట్ట మీది పాత గోపురం మంచులోంచి బయటపడే వేళకి, అంతకుముందు ముక్కూ మొహం తెలియని తోటి స్టీవార్డు తన జీవితకథంతా చెప్పేసి ఉంటాడు.

మా బృందంలో ఓ మలయాళీ నర్సు, పోలండ్ నుంచి వచ్చిన వడ్రంగి, రిటైరైన ఇంగ్లీషు టీచర్ దంపతులు, నేను. ఆఫీసులో కలిసే అవకాశం లేనివాళ్లం. ఒకరి షిఫ్టు అయ్యేసరికి మరొకరిది మొదలవుతుంది. అందుకే పెద్ద వేదిక ముందు అందరం కలిసి నిలబడేది తక్కువ. కలిసేది గుడారాల దగ్గరే. ఎవరు ఏం విన్నారో, ఏ చిన్న టెంట్లో ఎవరు అద్భుతంగా పాడారో చెప్పుకుంటూ, నేను తెచ్చిన పులిహోర అందరం పంచుకుంటాం.

స్నేహితులు ఒకరి కోసం ఒకరు కష్టపడటం ఈ ఉత్సవాలకు కొత్త కాదు. గాయకుడు పీటర్ గాబ్రియెల్ ప్రపంచదేశాల సంగీతం కోసం వోమాడ్ ఉత్సవం 1982లో షెప్టన్ మాలెట్‌లో పెట్టి, అప్పుల్లో కూరుకుపోయాడు. ఆయన ఏళ్ల కిందట వదిలి వచ్చిన జెనిసిస్ బృందం మిత్రులు ఆ అక్టోబరులోనే మిల్టన్ కీన్స్‌లో ఆయనతో కలిసి కచేరీ చేసి, ఆ అప్పు తీర్చడానికి సాయపడ్డారు. వోమాడ్ ఆగిపోలేదు. 1985లో అదే ఉత్సవంలో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ పాడారు. పాశ్చాత్య శ్రోతలకు ఆయన గొంతు చేరడంలో ఆ రాత్రిది పెద్ద పాత్ర. ఆ మిత్రులు చేయి వేయకపోతే ఆ రాత్రి ఉండేదా అనిపిస్తుంది నాకు.

ఇక్కడ మన తెలుగువాళ్లు పనికి వెనకాడేవాళ్లు కారు. ఉగాదికి హాలు సర్దడం, బతుకమ్మకు పూలు తేవడం, వందమందికి వంట చేయడం అలవోకగా చేస్తారు. కానీ ఆ పనంతా మన హాల్లో, మన మధ్యే జరుగుతుంది. పదేళ్లు ఈ దేశంలో ఉండి పక్కింటివాళ్లతో వాతావరణం తప్ప మరో మాట మాట్లాడనివాళ్లు నాకు తెలుసు. వాళ్లలో మొహమాటమే తప్ప గర్వం లేదు. పరిచయం లేనివాళ్లతో మాట కలపడానికి ఒక పని చేతిలో ఉంటే మొహమాటం దానంతటదే పోతుంది. ఉత్సవంలో చెత్త ఏరి వేరుచేసే రీసైక్లింగ్ బృందంలో చేరినా అంతే, వాటర్‌ఎయిడ్ సంస్థ తరఫున మంచినీళ్లిచ్చినా అంతే.

కొన్నేళ్లకోసారి గ్లాస్టన్‌బరీ ఆపి పొలాన్ని బీడు పెడతారు. 2018లో అలాగే ఆపారు, 2026 కూడా అలాంటి ఏడాదే. అలాంటప్పుడు చిన్న సంగీతోత్సవాలను చూడండి. ఈ ఏడాది చదువుకోవడానికి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఇది. ఇలాంటి పనికి మీ వీసా షరతులు ఒప్పుకుంటాయో లేదో యూనివర్సిటీలో అడిగి తెలుసుకోండి. స్టీవార్డుల దరఖాస్తులు ఏడాది మొదట్లోనే తీసుకుంటారు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పేర్లివ్వండి. వాళ్లలో ఒకరైనా తెలుగు రానివాళ్లు ఉండాలి.