అరకులోయలో మా బూజుగోడ

విశాఖపట్టణమునుండి అరకునకు బోవు రైలు శృంగవరపుకోట దాటిన పిమ్మట కొండల నెక్క నారంభించును. మావారికి ఆ యూరి పాఠశాలకు బదిలీ యైనందున ఆషాఢమాసమున సంసారముతో బయలుదేరితిమి. సొరంగములు లెక్కపెట్టుచు పిల్లలు కిటికీ విడువలేదు. దారిలో బొర్రా గుహలకడ దిగి చూచితిమి. కప్పునుండి నీరు బొట్లు బొట్లుగా కారుచు, అందలి సున్నము పేరుకొని రాళ్లు పెరుగుచుండుట యచ్చటి వింత. శ్రావణము గడువకముందే అట్టి వింత మా పడకగదిలోనే కానవచ్చెను.

అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. వానకాలమున మబ్బు వీథిలోనికే దిగివచ్చును. దినముల తరబడి ఎండ పొడ యుండదు. మా యింటి ఉత్తరపుగోడ చెమర్చెను. బీరువా వెనుక నల్లని చుక్కలు లేచి, నెల తిరుగకుండ చాపంత బూజయ్యెను. చెప్పులు, పట్టుచీరల మడతలు గూడ బూజెక్కెను. కొండయూరు గదా, ఇంతేనని యూరకుంటిమి. ఒకనాడు, చిన్ననాడు మా తండ్రిగారు ప్రబంధపాఠము చెప్పుచు స్వహస్తముతో అర్థములు వ్రాసి యిచ్చిన పుస్తకము తెరవగా, పుట లంటుకొని అక్షరములమీద పచ్చని నూగు పట్టియుండెను. ఆపూట మాకు అన్నము సహింపలేదు.

మా చిన్నది రాత్రులందు దగ్గుచుండెను. అదియు కొండచలి యనుకొంటిమి. వైద్యుడు "బిడ్డ పడక యెక్కడ వేయుదురమ్మా?" యని యడిగినప్పుడు సిగ్గుపడితిమి. ఆ గోడప్రక్కనే! పైగా దినదినము పొడిగుడ్డతో ఆ గోడను దులుపుచుంటిమి. బూజు విత్తనము కంటికానని ధూళి. దులిపినకొలది గదియంతయు వ్యాపించును, ఉబ్బసముగల వారికి ఊపిరి సలుపనీయదు.

కొండనీరు గోడలో నూరుచున్నదని ఇంటి యజమానితో తగవుపడితిమి. మావారు మాత్రము ప్లాస్టికు కాగితమొకటి గోడకు నలువైపుల గట్టిగా నంటించి రెండుదినములు వేచియుండుమనిరి. తీసిచూడగా కాగితము క్రింద గోడ పొడిగానున్నది, గదివైపున నీటిబొట్లు! చల్లని నీరుపోసిన చెంబు వెలుపల చెమర్చునట్లు, మా గంజి యావిరియు, ఇంట నారవేసిన బట్టల తడియు, మా యూపిరియు చల్లని గోడకు దాకి నీరగుచున్నవి. చలికి వెఱచి కిటికీలన్నియు బిగించి, మాకు మేమే గుహ కట్టుకొంటిమి. యజమానిని క్షమింపు మడుగవలసివచ్చెను.

బూజు విత్తనములు లేని గాలి లేదు; తడి దొరకినచోటనే అవి మొలచును. అందుచేత మొదట బిడ్డ పడకను మార్చి, బీరువాను గోడకు జానెడు దూరముగా జరిపితిమి. వంటచేయునప్పుడు గిన్నెలపై మూతలు, వంటింటి కిటికీ బార్లా. బట్టలు వసారాలోనికి పోయినవి. ఆపై పిల్లలను వెలుపలికి పంపి, ముక్కు నోరు గుడ్డతో కట్టుకొని, సబ్బునీటి తడిగుడ్డతో గోడ తుడిచి, ఆ గుడ్డను పాఱవేసితిమి. గోడ పూర్తిగా నారినపిదపనే సున్నము కొట్టించితిమి. తడిమీద సున్నము వేసినచో బూజును కప్పిపుచ్చుటయే యగును. బ్లీచింగు పొడితో కడుగుదురు గొందఱు. దానిలో వెనిగరుగాని ఆమ్లముగాని కలిపితిరా, విషవాయువు పుట్టును. వేపాకు మాట యందురా, అది పురుగులను తోలునేమోకాని తడిని పీల్చదు.

పొరుగున నున్న గిరిజన స్త్రీ విత్తనపు మొక్కజొన్నపొత్తులను పొయ్యిపైన వ్రేలాడదీయును. వానకాలమంతయు వానికి బూజులేదు. వేడియు పొగయు వానిని ఆరబెట్టుచుండును. ఆ పొగ దగ్గుబిడ్డకు పనికిరాదు గాన మేము దాని ననుసరింపలేదు.

పుస్తకమును పుటలు విడదీసి నీడగాలికి అనేకదినము లారబెట్టి, పిదప వసారాలో మెత్తని కుంచెతో మెల్లగా దులిపితిమి. తడిగా నున్నప్పుడు రుద్దినచో మరక లోనికి దిగును. చిన్నదాని దగ్గు మందుతోను, చోటు మార్పుతోను తగ్గినది. పుస్తకమున రెండు పుటలు మాత్రము విడిరాలేదు. ఆ పద్యముల యర్థములు జ్ఞాపకమున్నంతవఱకు వేఱొక కాగితముపై వ్రాయుచున్నాము.