పాత గాస్కెట్టు

కుక్కరు కూత వేయకుండా మూత అంచున బుస్సుమంటూ ఆవిరి వదులుతుంటే, వంటింట్లో వున్నవారికి యెవరూ చెప్పనక్కరలేదు, గాస్కెట్టు పోయిందని. పాత రబ్బరు చక్రాన్ని లాగి పారవేసి, బజారునుంచి తెచ్చిన కొత్తదాన్ని మూతలో నొక్కితే పని ముగిసింది. ముప్ఫయి యేళ్లకు పైగా మేము చేసిన వుద్యోగమూ అదే. కాకపోతే మా కుక్కరు వొక లారీ అంత వుంటుంది. అందులో అన్నం వుడకదు, నీళ్లు చల్లబడతాయి.

మేము అన్నదమ్ములము యిద్దరము. మా వూరు కడప జిల్లాలో పులివెందుల దగ్గర. వానలు లేక చేను బీడుపడ్డ కాలంలో మా మేనమామ బెంగుళూరు వచ్చి, మార్కెట్టు ప్రాంతంలో వొక ఐసు ఫ్యాక్టరీలో కుదిరాడు. అక్కడ నేర్చిన విద్యతో తరువాత పెద్ద భవనాల చిల్లర్ యంత్రాల మరమ్మతు మేస్త్రి అయ్యాడు. 1984లో మమ్మల్ని కూడా తన వెంట పెట్టుకున్నాడు. ఫ్యాను కూడా లేకుండా నిద్రపట్టే బెంగుళూరులో యీ చల్లబరిచే పనేమిటని అమ్మ అప్పట్లో నవ్వేది. నిజమే, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల యెత్తున వున్న వూరు యిది. అయినా ఆస్పత్రులకు, హోటళ్లకు, తరువాత వచ్చిన కంప్యూటరు కార్యాలయాలకు ఆ చల్లదనం చాలలేదు.

చిల్లర్ సంగతి రెండు మాటల్లో చెబుతాము. అది నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లబరిచి గొట్టాల్లో భవనమంతా తిప్పుతుంది. గదుల్లోని వేడిని తీసికొని ఆ నీరు 12 డిగ్రీల ప్రాంతంలో తిరిగి వస్తుంది. యంత్రం శక్తిని టన్నుల్లో చెబుతారు. యిది బరువు కాదు. ఇరవైనాలుగు గంటల్లో రెండువేల పౌండ్ల మంచు కరగటానికి యెంత వేడి కావాలో, అంత వేడిని లాగగలిగితే వొక టన్ను. ఐసు ఫ్యాక్టరీల నాటి లెక్క యింకా మా నోటినుంచి పోలేదు.

లాగిన వేడిని బయటికి పంపే భాగం కండెన్సరు. అది పెద్ద ఇనుప పీపా. లోపల వందల కొద్దీ రాగి గొట్టాలు. మేడమీది కూలింగ్ టవరు నుంచి వచ్చే నీరు వాటిలో ప్రవహిస్తుంది. బోరునీటిలోని సున్నం గొట్టాల లోపల గట్టిగా పేరుకుంటుంది. అందుకని యేటా రెండు చివరల మూతలూ విప్పి, గొట్టాలు బ్రష్షుతో తోమాలి. మూత విప్పినప్పుడల్లా గాస్కెట్టు మార్చాలి. నలిగిన గాస్కెట్టు మళ్లీ అదే తీరున కూర్చోదు.

షీటు ఎస్.జె.పి. రోడ్డులో దొరికేది. మూత కొలతకు గుర్తుపెట్టి, కత్తిరించి, బోల్టుల రంధ్రాలు పంచ్‌తో కొట్టేవాళ్లము. బోల్టులను వరుసగా బిగించరాదు. వొకటి బిగిస్తే తరువాత దానికి యెదురుది, ఆపైన అడ్డంగా. అదీ వొక్కసారిగా కాక మూడు విడతల్లో. లేకపోతే వొక పక్క నొక్కుకొని, రెండో పక్క నోరు తెరుస్తుంది. యిదంతా మేము ఆరు నెలల్లో నేర్చుకున్నాము. నేర్చుకోనిది మరొకటి వున్నది. దాన్ని మామ రోజూ చెప్పేవాడు:

"ఒరే అబ్బీ, కొత్తది పెట్టేదానికి ఏముండాది? పాతది తీసేదే పని."

పాత గాస్కెట్టు యేళ్ల తరబడి వొత్తిడికి ఇనుముకు అంటుకొని, అంగుళం అంగుళం గీకితే గాని రాదు. కొత్తది పెట్టటానికి పావుగంట పడితే పాతది గీకటానికి రెండు గంటలు పట్టేది. కుర్రతనంలో ఆ రెండు గంటలు మాకు దండుగ అనిపించేవి.

1991 వేసవిలో వొక ఆస్పత్రిలో పని. శనివారం రాత్రి పది గంటలకు యంత్రం ఆపి, తెల్లవారి ఆరింటికల్లా నడపాలి. మామ పెళ్లికని వూరికి వెళ్లాడు. మేమిద్దరమే. గొట్టాలు తోమేసరికి మూడు దాటింది. మూత మధ్యలో వొక అడ్డగోడ వుంటుంది. నీరు కింది గొట్టాల్లో పోయి, ఆ చివర తిరిగి, పై గొట్టాల్లో వెనక్కు రావాలి గనుక, వచ్చే నీటికీ పోయే నీటికీ నడుమ యేర్పాటు అది. ఆ గోడ అంచున కూడా గాస్కెట్టు పట్టీ వుంటుంది. అక్కడ వేలెడంత పాత ముక్క యెంత గీకినా రాలేదు. టైము చూచుకున్నాము. బోల్టులు బిగిస్తే అదే అణుగుతుందిలే అనుకొని మూత వేసేశాము.

నీళ్లు వదిలితే బయట వొక్క చుక్క కారలేదు. ఆరుకు ముందే యంత్రం నడిచింది. మమ్మల్ని మేమే మెచ్చుకొని, ఇడ్లీలు తిని, యింటికి పోయి పడుకున్నాము.

మధ్యాహ్నం రెండింటికి కబురు. యంత్రంలో వొత్తిడి పెరిగి దానంతటదే ఆగిపోయింది. మళ్లీ నడిపితే మళ్లీ ఆగింది. మూత విప్పి చూస్తే సంగతి తెలిసింది. ముక్క వున్నచోట కొత్త పట్టీ సరిగా కూర్చోలేదు. నీటి తోపుకు అక్కడినుంచి చిరిగి కొట్టుకుపోయింది. వచ్చిన నీరు గొట్టాల్లోకి పోకుండా ఆ సందులోంచి అడ్డదారిన బయటికి పోతున్నది. వెలుపలికి కారితే తుడిచేవాళ్లము, కనిపెట్టేవాళ్లము. లోపలికి కారితే యెవరికి తెలుస్తుంది?

ఆ రోజు రెండు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. గీకుడు కత్తి పట్టుకొని వరండాలో పోతుంటే, బల్లమీద కూర్చున్న వొక పెద్దామె మమ్మల్ని ఆపింది. మా తెలుగు వినింది కాబోలు.

"మిషను బాగయిందా నాయనా? పొద్దుటినుంచి మావాడికి గుక్కెడు నీళ్లు కూడా పోయొద్దన్నారు. పెదాలు యెండిపోయినాయి."

బాగవుతుందమ్మా అన్నాము. ఆమె మమ్మల్ని దీవించింది. తప్పు మాదని చెప్పటానికి నోరు రాలేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి యంత్రం సరిగా నడిచింది. మరునాడు ఆపరేషను జరిగిందని, అతడు బాగున్నాడని విన్నాము గనుక యీ మాట యిప్పుడు రాయగలుగుతున్నాము.

మామ వచ్చి అంతా విని, కేకలు వేయలేదు. ఆ వేలెడు ముక్కను అడిగి తీసికొని, సన్నని తీగతో మా పనిముట్ల పెట్టె మూతకు లోపలి వైపున కట్టాడు. పెట్టె తెరిచినప్పుడల్లా అది మా కళ్లముందు ఆడేది. ఆ తరువాత పాత గాస్కెట్టును మేము గోరంత కూడా మిగల్చలేదు. తీగల బ్రష్షుతో ఇనుము తళతళలాడేదాకా రుద్దేవాళ్లము. పొడి లేస్తే మామ నోటితో ఉఫ్ మని వూదేవాడు. ప్లాంటు గది కిటికీలోంచి యెండ పడితే ఆ పొడి వెండి దారాల్లాగా మెరిసేది. చూడటానికి అందంగానే వుండేది.

ఆ రోజుల్లో షీట్లు చాలామటుకు రాతినారతో వత్తినవి. నిప్పుకు కాలదు, నీటికి చివకదు. గాస్కెట్టుకు యింకేమి కావాలి? మా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఆ నార గనులే వుండేవి. అందుకే మామకు దానిమీద అభిమానం. దుమ్ము మీద పడుతున్నదంటే, "మన సీమ రాయే గదరా, మనల్నేం చేస్తాది?" అనేవాడు. నిజానికి మన దేశంలో వాడిన రాతినారలో యెక్కువ భాగం పై దేశాలనుంచి వచ్చేదే. యే సీమ నార అయినా వూపిరితిత్తులకు వొక్కటే. దాని పోగులు కంటికి ఆననంత సన్నగా చీలి, గాలితో లోపలికి పోయి, మళ్లీ బయటికి రావు. ఫలితం కనపడటానికి ఇరవై యేళ్లు, నలభై యేళ్లు కూడా పట్టవచ్చు. అన్ని రకాల రాతినారా కాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

2008 నుంచి మామకు మెట్లు యెక్కితే ఆయాసం. బీడీ ముట్టని మనిషి. ముసలితనమన్నాము. వొక డాక్టరుగారు ఫోటో తీయించి, చాలాసేపు చూచి, "మీరేం పని చేసేవారు?" అని అడిగారు. "చల్లబరిచే పని సామీ" అన్నాడు మామ. ఆ సమాధానంతో ఆయన తృప్తిపడలేదు. ఒక్కొక్క ప్రశ్నా వేస్తూ గాస్కెట్టు దగ్గరికి వచ్చారు. రాతినార దుమ్ము అని కాగితంమీద రాశారు. అప్పటికి చేయదగినది తక్కువ. 2011లో మామ పోయాడు.

రాతినార పరిశ్రమల్లోని ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను పనిలో చేరిననాటినుంచి 40 యేళ్లు గాని, విరమించాక 15 యేళ్లు గాని, యేది యెక్కువైతే అంతవరకు భద్రపరచాలని 1995లోనే మన సుప్రీంకోర్టు ఆదేశించింది. భవనం భవనం తిరిగి గాస్కెట్లు గీకే మావంటివారి పేర్లు యే పుస్తకంలో వుంటాయి? మా యిద్దరి ఫోటోలు యేటా తీయించుకుంటున్నాము. యింతవరకు బాగానే వున్నాయి.

మామ పోయిన నెలకు పెట్టె తెరిస్తే ఆ ముక్క కంటబడింది. మాకు పాఠం నేర్పిన ముక్క, అదీ రాతినారదే. మామ చేతి ముడి విప్పటానికి మనసొప్పలేదు. అయినా తడిపి, తీగతో సహా కత్తిరించి, రెండు సంచుల్లో మూటకట్టి, ప్రమాదకరమైన చెత్త తీసికొనేవారికి అప్పగించాము.

యిప్పుడు రాతినార లేని షీట్లు, మంచి రబ్బరువి వస్తున్నాయి. కొత్తది పెట్టటంలో భయం లేదు. భయం పాత యంత్రంలో వున్నది. దాని మూత కింద యేమున్నదో పైకి రాసి వుండదు. మన దేశంలో తెల్ల రాతినార వాడకానికి యింకా నిషేధం లేదు కూడా. అందుకని తెలియని పాత గాస్కెట్టును రాతినారగానే యెంచి, బాగా నీళ్లతో తడిపి, తడి ఆరనీయకుండా మెల్లగా గీకిస్తున్నాము. తీగల బ్రష్షు లేదు, గ్రైండరు లేదు, వూదటం లేదు. మూతికి చేతిరుమాలు చాలదు. అటువంటి సన్నని ధూళిని ఆపే తగిన మాస్కే కావాలి. తీసిన ముక్కలు తడిగానే సంచిలోకి పోతాయి. ఆ బట్టలతో యింటికి పోయి పిల్లల్ని యెత్తుకోకూడదు.

మొన్న మదనపల్లెనుంచి వచ్చిన కుర్రవాడు తడిపిన గాస్కెట్టుమీద పని చేస్తూ, "అన్నా, యిట్లయితే తెల్లారుతుంది" అన్నాడు. తెల్లారనీ అన్నాము. ఆస్పత్రివారికి ముందే చెప్పి మరొక రాత్రి అడిగి తీసికొన్నాము. యివ్వకపోతారా అని భయపడ్డాము గాని, కారణం చెబితే యిచ్చారు. ముప్ఫయి యేళ్లలో మేము వొక్కసారి కూడా అడగలేదు.

మన సంఘంలో యెంతోమంది పిల్లలు యిటువంటి ప్లాంటు గదుల్లో, కర్మాగారాల్లో పనిచేస్తున్నారు. వారు భోజనానికి కూర్చున్నప్పుడు యీ సంగతి వొకసారి చెప్పండి. పాతది పూర్తిగా తీయాలి. పొడిగా తీయకూడదు. టైము చాలకపోతే అడగాలి.